పహాణీలో పేరు లేకపోతే ఆ ఊరివాళ్లం కానట్టేనా?

కొత్తవాడ మనవరాలు:
మాది నేతపని చేసిన కుటుంబం. మా తాత పరకాల దగ్గరి ఊరి నుంచి ఆజంజాహి మిల్లులో పనికి వరంగల్ వచ్చాడని నాయనమ్మ చెప్తుంది. వంశవృక్షం రాద్దామని ఆ ఊరి 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల సర్కారు రికార్డు) నకలు తీయించాను. మొదటి సర్వే నంబరు నుంచి చివరిదాకా రెండుసార్లు చూశాను. మా ఇంటిపేరు ఒక్కచోటా లేదు. "సర్కారు కాగితంలో లేదంటే మనది ఆ ఊరు కాదు, ముసలామె ఏదో కలిపి చెప్తోంది" అని చిన్నబాపు అన్నారు. ఆ మాట నాయనమ్మ చెవిన పడింది. అప్పటినుంచి ఊరి ముచ్చటే ఎత్తడం లేదు. కాగితాన్ని నమ్మాలా, ఆమెనా?

రికార్డే సాక్ష్యం:
బాధపడకు చెల్లే, చిన్నబాపు మాటలో న్యాయం ఉంది. నోటిమాట తరాలు దాటితే మారుతుంది. మా ముత్తాత మాలీపటేల్ (శిస్తు వసూలు చూసే ఊరి పెద్ద) అని మా ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకునేవాళ్లం. సేత్వార్ (సర్వే నాటి భూమి రికార్డు) తీస్తే మామూలు పట్టాదారుగానే ఉన్నాడు.

దస్తరం చదివేవాడు:
అన్నా, సేత్వార్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. పటేలా కాదా అన్నది అందులో రాయరు. మీరు అడిగిన ప్రశ్నకు ఆ కాగితం జవాబే చెప్పలేదు.

పహాణీ కూడా అంతే. అది భూమి లెక్క. పట్టాదారుకు గడి ఉంది, సాగు చేసేవారికి గడి ఉంది, మగ్గానికి లేదు. భూమి లేని సాలోళ్ల ఇల్లు, వెట్టి చేసిన ఇల్లు అందులో ఎందుకుంటాయి? పైగా మిల్లు పెట్టింది 1934లో. తాత మొదట్లోనే వచ్చి ఉంటే ఖాస్రా రాసేనాటికి ఊరు విడిచి 20 ఏళ్లు. ఆయన పేరు లేకపోవడం నాయనమ్మ మాటకే సరిపోతోంది కదమ్మా!

ఇంకా వెనక్కి పోతే ఉర్దూ కాగితాలు వస్తాయి. ఒక్క చుక్క జారినా ఇంటిపేరు మారిపోతుంది. చాలాచోట్ల ఇంటిపేరే ఉండదు, 'ఫలానా వల్ద్ ఫలానా' అని తండ్రి పేరుతో సరిపెడతారు. వాటిలో ఏడాదిని ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) లెక్కన రాస్తారు, దానికి 590 కలుపుకోవాలి, 1340 ఫసలీ అంటే 1930-31. నిజాం కాలంలో పరకాల తాలూకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, వరంగల్ దస్తరం ఒక్కటే వెతికితే చాలదు.

పాకాల గాలి:
1931 జనాభా లెక్కల్లో దొరకరా? ఇంగ్లండులో 1921 లెక్కలు పేర్లతో సహా 2022లో బయటపెట్టారు కదా.

దస్తరం చదివేవాడు:
అక్కడ వందేళ్లు దాటితే తెరుస్తారు. మనకు ఆ దారి లేదు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు. నిజాం కాలపు నివేదికల్లో కులాల, వృత్తుల మొత్తాలే ఉంటాయి. సాలోళ్లు ఎందరో తెలుస్తుంది, మీ తాత ఎవరో తెలియదు.

రికార్డే సాక్ష్యం:
సేత్వార్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ రేపు భూమి తగాదా వస్తే నాయనమ్మ మాట నిలబడదు.

కొత్తవాడ మనవరాలు:
మేం భూమి అడగడం లేదన్నా. మా తాత ఎక్కడ పుట్టాడో తెలిస్తే చాలు.

నిన్న రాత్రి నాయనమ్మ పక్కన కూర్చుని, ఊర్లో మన గుంట మగ్గం ఎక్కడుండేదని మాత్రమే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాకిలి ఎటువైపు ఉండేదో, నూలు ఎక్కడ ఆరేసేవాళ్లో చెప్పింది. అటూ ఇటూ ఎవరి ఇళ్లని అడిగితే ఐదు ఇంటిపేర్లు చెప్పింది. పహాణీ తెరిచి చూశాను. ఆ ఐదింటిలో మూడు పట్టాదారు గడిలో ఉన్నాయి. ఆమెకు చదువు రాదు, ఆ కాగితం ఎప్పుడూ చూడలేదు.

పొద్దున చిన్నబాపుకు చూపించాను. ఏమీ అనలేదు. ఆదివారం పరకాల బస్సు ఎన్నింటికని నాయనమ్మనే అడిగారు. ముగ్గురం పోతున్నాం.