హన్మకొండ చుట్టుపక్కల ఒకే చోటును ఏడాదంతా గమనించేవాళ్లు ఉన్నారా?

కిరాయిల్లు:
మాది నిజామాబాద్. ఉద్యోగం వల్ల హన్మకొండలో ఉంటున్నాను. వేయిస్తంభాల గుడి, ఖిల్లా, రామప్ప, లక్నవరం అన్నీ చూశాను. అయినా ఇంకా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంది. ఇక్కడ ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది, ఏ పిట్ట ఎక్కడ గూడు కడుతుంది, ఇవి తెలిస్తే ఈ నేల కాస్త దగ్గరవుతుందేమో. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మత్తడి:
తిరుగుడు బంద్ పెట్టన్నా. వడ్డేపల్లి, ధర్మసాగర్, ఏదో ఒక్క చెరువు పట్టుకో. కట్ట మీద వాకింగ్ కాదు, అవతల శిఖం వైపు, అంటే నీళ్లు తగ్గితే తేలే చెరువు నేల వైపు పోవాలి. నీటి అంచున బురద, దాని వెనుక గడ్డి, ఆపైన తుమ్మ చెట్లు. ఒక్కో పట్టీలో ఒక్కో రకం పిట్టలు. బురదలో నత్తలు ఏరుకునే కొంగను కాసేపు చూడు. ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తుంది. చెరువు నిండి మత్తడి దూకే రోజుల్లో ఈ బురదంతా నీళ్ల కిందే. యాసంగి పంటకు తూము తెరిచాక మెల్లగా తేలుతుంది, అప్పుడు చూడాలి కొంగల సందడి!

లెక్కలసారు:
చిన్న సందేహం. చెరువులు మనుషులు కట్టినవి కదా, ప్రకృతిని చూడాలంటే అక్కడికి పోవడం ఏంటి?

మత్తడి:
సారూ, పాకాల చెరువు గణపతిదేవుని కాలం నాటిది. దాని చుట్టూ ఉన్నది ఇప్పుడు అభయారణ్యం. ఎవరు కట్టారని పిట్టలు అడగవు.

పూలసజ్జ:
నేను బతుకమ్మ పూల కోసం తిరిగే నేలను గుర్తుపట్టడం నేర్చుకున్నాను. తంగేడు కావాలంటే రాళ్లున్న ఎర్ర చెలకలు, బీళ్లు చూడాలి. పశువులు దాన్ని పెద్దగా ముట్టవు, అందుకే మేపిన బీట్లో కూడా పచ్చగా నిలబడుతుంది. గునుగు అట్ల కాదు, అది చేన్లలో కలుపు. కలుపు మందు కొట్టిన చేన్లలో వెతికినా దొరకడం లేదు. మా అమ్మ ఒడినిండా తెంపుకొచ్చిన గునుగును నేను అంగట్లో కట్టలు కొంటున్నాను. ఎవరికి చెప్పుకోవాలి!

ములుగు_రోడ్డు:
అందరూ చెరువు చెరువు అంటున్నారు. ఎండాకాలంలో ఏటూరునాగారం వైపు రండి. ఆకు రాలి అడవి బోసిగా ఉన్నప్పుడే మోదుగ ఎర్రగా పూస్తుంది. ఆ తర్వాత ఇప్ప. ఇప్పపువ్వు రాత్రిపూట రాలుతుంది, తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని ఏరేవాళ్లు చెట్ల కింద ఉంటారు. ఎలుగుబంట్లకూ అదంటే ప్రాణం, కాబట్టి చీకట్లో ఒక్కరే పోకండి. తునికాకు కోసేది కూడా ఎండల్లోనే.

మెర్లిన్_ఫ్యాన్:
మెర్లిన్ యాప్ వేసుకోండి. కూత వింటూనే పేరు చెప్పేస్తుంది.

చెలకోడు:
పేరు చెప్తుంది, గుడ్లు ఎక్కడున్నాయో చెప్పదు కదా. తీతువు గూడు నాకు చూపించింది గొర్లు కాసే పెద్దాయన. గూడంటే ఏమీ లేదు, గులకరాళ్ల నడుమ ఉత్త నేల మీద మచ్చల గుడ్లు. చూపించేదాకా కాలు పక్కనే పెట్టి నిలబడ్డాను, కనబడలేదు. తల్లిపిట్ట నెత్తి మీద ఒకటే అరుపు.
ఇంకోటి, ఇంగ్లిష్ నెలలు పక్కన పెట్టి కార్తెలు రాసుకోండి. మిరుగం, ఆరుద్ర. తొలి వానలకు దీపాల చుట్టూ ఉసిళ్లు, ఎర్ర చెలకల్లో మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు. కొన్నాళ్లే, మళ్లీ మట్టిలోకి. గిజిగాళ్లు కూడా వానాకాలంలోనే గూళ్లు అల్లుతాయి. సగం అల్లి వదిలేసినవి కనిపిస్తే గాలికి పాడయ్యాయనుకోవద్దు. మగపిట్ట అల్లుతుంది, ఆడదానికి నచ్చకపోతే పని ఆగిపోతుంది.

కిరాయిల్లు:
అందరికీ థ్యాంక్స్. మా దగ్గర్లోని చెరువు సగం గుర్రపుడెక్కతో కప్పేసి ఉంది. అలాంటిది పనికొస్తుందా?

మత్తడి:
వస్తుంది. డెక్క ఎక్కడిదాకా పాకింది, ఏ నెలలో తగ్గింది, అదీ రాసుకో. దాని మీద నడిచే నీటికోళ్లుంటాయి. ఆదివారం పొద్దున వస్తానంటే నేనూ వస్తా. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో. శిఖంలో తుమ్మముళ్లు ఎక్కువ.