ఎమ్మెస్సీ మ్యాథ్స్ మూడో సెమ్: ఏ రెండు ఎలెక్టివ్‌లు తీసుకోవాలి?

పార్వతీపురం_పిల్ల

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మ్యాథ్స్ మొదటి ఏడాది చివర్లో ఉన్నాను. మూడో సెమ్ ఎలెక్టివ్‌ల ఫారం వచ్చే సోమవారంలోగా ఇచ్చేయాలి. కాంప్లెక్స్ అనాలిసిస్, ఫంక్షనల్ అనాలిసిస్, పీడీఈ (పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్) అందరికీ తప్పనిసరి. ఇవి కాక ఆపరేషన్స్ రీసెర్చ్ (ఓఆర్), గ్రాఫ్ థియరీ, నంబర్ థియరీ, ఇంటెగ్రల్ ఈక్వేషన్స్, ఫ్లూయిడ్ డైనమిక్స్‌లో ఏవైనా రెండు తీసుకోవాలి.

హాస్టల్లో సీనియర్లందరిదీ ఒకటే మాట: "ఓఆర్, గ్రాఫ్ థియరీ పెట్టేసుకో, రెండింట్లోనూ తొంభై దాటుతాయి." నాకేమో ఇంటెగ్రల్ ఈక్వేషన్స్ మీద మనసుంది. కానీ ఆ పేపర్ తీసుకున్నవాళ్లు పోయినేడు నలుగురే.

డిగ్రీ దాకా తెలుగు మీడియం. మొదటి సెమ్‌లో టోపాలజీ, రియల్ అనాలిసిస్ ప్రూఫ్‌లు చాలావరకు బట్టీ పట్టి రాశాను, 71 శాతం వచ్చింది. ఈ సెమ్‌లో గాల్వా థియరీ అస్సలు ఎక్కట్లేదు. నాన్న కౌలుకి జీడితోట చూస్తారు, చెల్లి ఇంటర్ చదువుతోంది. పీజీ అవగానే నాకు ఎంతో కొంత ఆదాయం ఉండాలి. నెట్ (లెక్చరర్ అర్హతకీ, పరిశోధన ఫెలోషిప్‌కీ పెట్టే జాతీయ పరీక్ష) రాసి జేఆర్‌ఎఫ్ అనే ఆ ఫెలోషిప్ తెచ్చుకోవాలని ఆశ, కాదంటే జేఎల్ (జూనియర్ లెక్చరర్). దయచేసి సలహా ఇవ్వండి.

ఓరుగల్లు_డేటా

నా ఓటు ఓఆర్‌కే. ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగాలకి తిరిగినప్పుడు ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఓఆర్‌లో వచ్చే లీనియర్ ప్రోగ్రామింగ్, డ్యుయాలిటీ. గేట్ మ్యాథ్స్ సిలబస్‌లో కూడా లీనియర్ ప్రోగ్రామింగ్ ఉంది. ఇంటి పరిస్థితి చెప్పారు కాబట్టి అంటున్నాను, ఫెలోషిప్ రాకపోయినా చేతిలో ఒక దారి ఉండాలి. దాంతోపాటు పైథాన్ మొదలుపెట్టండి.

చాక్‌పీస్_మేడం

అమ్మాయ్, నేను డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఎలెక్టివ్‌ల సంగతి తర్వాత. గాల్వా థియరీ ఎక్కట్లేదన్నావు చూడు, ముందు దాని గురించి మాట్లాడాలి.

రేషనల్ నంబర్లకి రూట్ 2, రూట్ 3 చేర్చితే వచ్చే ఫీల్డ్ డిగ్రీ 4 అని క్లాసులో చెప్పే ఉంటారు. ఆ 4 ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ఫీల్డ్‌ని రేషనల్స్ మీద వెక్టర్ స్పేస్‌గా చూస్తే దాని డైమెన్షన్ అది. 1, రూట్ 2, రూట్ 3, రూట్ 6 బేసిస్. ఈ బేసిస్, డైమెన్షన్ అనేవి చేతికి అలవాటు కాకపోతే గాల్వా క్లాసు మొత్తం అర్థం తెలియని మంత్రంలా సాగుతుంది. డిగ్రీలోనే లీనియర్ ఆల్జీబ్రా వచ్చేసిందనుకుని పీజీ సిలబస్ ముందుకెళ్లిపోతుంది. వచ్చిందో లేదో ఎవరూ అడగరు. నీకు లోటు అక్కడుందని నా అనుమానం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ మార్కులొస్తాయని సులువైన పేపర్లే తీసుకున్నాను. 80 శాతం పైనే వచ్చింది. తర్వాత నెట్ రెండుసార్లు పోయింది. పోయిందంతా ఆ పరీక్ష చివరి భాగం, పార్ట్ సీలోనే. 200 మార్కుల్లో అది 95. అరవై ప్రశ్నల్లో ఇరవై రాయాలి, ఒక్కోదానికి 4.75. ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవి ఉండొచ్చు, సరైనవన్నీ గుర్తిస్తేనే మార్కులు. నెగటివ్ లేదు, కానీ గుర్తున్న థీరమ్ ఒక్కటీ అక్కడ కాపాడదు. ఏ షరతు తీసేస్తే థీరమ్ ఎక్కడ కూలుతుందో తెలియాలి. ఎనిమిది నెలలు లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ తప్ప ఇంకో పుస్తకం ముట్టుకోకుండా కూర్చున్నాక మూడోసారి గట్టెక్కాను. నెట్ సిలబస్‌లో మొదటి యూనిట్ ఆ రెండే.

ఇక ఎలెక్టివ్‌లు. ఒక పేపర్ నువ్వు ఇంట్లో కూర్చుని ఒక్కదానివే నేర్చుకోగలవా, లేక బోర్డు దగ్గర మనిషి ఉండాలా? నేనైతే అదే చూస్తాను. ఓఆర్‌లో వచ్చే సింప్లెక్స్ పద్ధతి ఒక నోటుబుక్కు, వారం రోజుల ఓపిక ఉంటే వచ్చేస్తుంది. వరంగల్ తమ్ముడు చెప్పిన అవసరం నిజమే, ఆ పైథాన్‌తో పాటే సెలవుల్లో నేర్చుకో. ఇంటెగ్రల్ ఈక్వేషన్స్ అలా రాదు. అందులో ఫ్రెడ్‌హోమ్ ఆల్టర్నేటివ్ వస్తుంది. స్క్వేర్ మాట్రిక్స్ సమీకరణాలకి నీకు తెలిసిందే అది: కుడివైపు ఏమున్నా సరిగ్గా ఒకే పరిష్కారం ఉంటుంది, లేదంటే హోమోజీనియస్ సమీకరణానికి సున్నా కాని పరిష్కారం ఉంటుంది. అదే మాట అనంత డైమెన్షన్‌లో నిలబడాలంటే కాంపాక్ట్ ఆపరేటర్లు కావాలి. అవి వచ్చే ఫంక్షనల్ అనాలిసిస్ అదే సెమ్‌లో ఎలాగూ చదువుతున్నావు, రెండూ ఒకదానికొకటి ఆసరా. ఇంటెగ్రల్ ఈక్వేషన్స్ నెట్ మూడో యూనిట్‌లో కూడా ఉంది. నలుగురే ఉన్న క్లాసంటే భయపడకు, సందేహం అడగడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

రెండోది నంబర్ థియరీ. కాంగ్రుయెన్సులు, చైనీస్ రిమైండర్ థీరమ్, ప్రిమిటివ్ రూట్లు నెట్‌లో ఆల్జీబ్రా కిందే అడుగుతారు. మొదటి సెమ్‌లో చదివిన గ్రూపులు అంకెల్లో కనిపిస్తాయి. అయితే ఫారం ఇచ్చేముందు ఏ పేపర్ ఎవరు చెబుతున్నారో కనుక్కో. సరిగా చెప్పేవాళ్లు లేకపోతే నా సలహా మారుతుంది.

మార్కుల గురించి బెంగ వద్దు. డిగ్రీ లెక్చరర్‌కి అడిగేది పీజీలో 55 శాతం, నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ. నీకు 71 ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకి 37,000, ఇంటికి పంపడానికి కూడా మిగులుతుంది. ఫైనలియర్లో ఉండగానే నెట్‌కి అప్లై చేయొచ్చు.

ఈ రాత్రి ఒక పని చెయ్యి. ఫైనైట్ డైమెన్షనల్ స్పేస్ మీద ఒక లీనియర్ ఆపరేటర్ వన్-వన్ (వేర్వేరు వెక్టర్లు వేర్వేరు చోట్లకే వెళ్లడం) అయితే ఆన్‌టు (ప్రతి వెక్టర్‌కీ ఏదో ఒకటి చేరడం) కూడా అవుతుందని పుస్తకం చూడకుండా ప్రూఫ్ రాయి. డైమెన్షన్ అనంతమైతే ఎందుకు కుదరదో ఒక ఉదాహరణ ఇవ్వు. ఎక్కడ ఆగిపోయావో ఇక్కడ చెప్పు.

పాలమూరు_టు_బెంగళూరు

మేడం చెప్పినదానికి ఒకటే కలుపుతాను, చెల్లీ. నాదీ తెలుగు మీడియమే, ఇప్పుడు బెంగళూరులో పీహెచ్‌డీ రెండో ఏడు. నేను బట్టీ మానింది ప్రూఫ్‌ని ముందు తెలుగులో చెప్పుకోవడం మొదలుపెట్టాక. కంటిన్యుటీకి, యూనిఫాం కంటిన్యుటీకి తేడా ఇంగ్లీషు వాక్యాల్లో నాకు నెలల తరబడి అంతుపట్టలేదు. ఎప్సిలాన్ ఇచ్చాక, మొదటిదానిలో ప్రతి బిందువుకీ ఒక డెల్టా. రెండోదానిలో అన్ని బిందువులకీ ఒకే డెల్టా. "ఒక"కీ "ఒకే"కీ మధ్య ఉన్నదే ఆ తేడా అంతా. సున్నాకీ ఒకటికీ మధ్య 1/ఎక్స్ గీసి చూడు. సున్నా దగ్గరికి జరిగేకొద్దీ డెల్టా చిన్నదైపోతూ ఉంటుంది, అందరికీ సరిపోయే ఒక్క డెల్టా దొరకదు. పరీక్షలో ఇంగ్లీషులోనే రాయి, ఆలోచన మాత్రం నీ భాషలో చెయ్యి.

ఓఆర్ వదలాలని లేకపోతే స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్‌లో జులై బ్యాచ్ చూడు. కోర్సుల్లో 40 శాతం వరకు అలా చేయడానికి యూజీసీ 2021 నిబంధనలు ఒప్పుకుంటాయి. క్రెడిట్లు కలుపుతారో లేదో మీ డిపార్ట్‌మెంట్‌లో ముందే అడుగు.

పార్వతీపురం_పిల్ల

మేడం, రాశాను. ఉదాహరణ దొరికింది: పాలినామియల్స్ మీద డిఫరెన్షియేషన్ ఆన్‌టు, కానీ వన్-వన్ కాదు, కాన్‌స్టెంట్లన్నీ సున్నా అయిపోతాయి. మీరడిగింది దీనికి తిరగేసినదని తర్వాత వెలిగింది, ఎక్స్‌తో గుణిస్తే వన్-వన్, ఆన్‌టు కాదు. ప్రూఫ్‌కి ర్యాంక్-నల్లిటీ (రేంజ్, కెర్నల్ డైమెన్షన్లు కలిపితే మొత్తం స్పేస్ డైమెన్షన్ అనే థీరమ్) వాడాను. ఆ ర్యాంక్-నల్లిటీ ఎందుకు నిజమో రాయబోతే మాత్రం ఆగిపోయాను. డిగ్రీలో దానికి ఎనిమిది మార్కులొచ్చాయి మేడం, పేజీ ఎక్కడుందో కూడా గుర్తుంది, ప్రూఫ్ గుర్తులేదు.

ఇంటెగ్రల్ ఈక్వేషన్స్ చెప్పే సార్‌ని రేపు కలుస్తాను. అన్నయ్యా, "ఒకే" మాట నోట్స్ మొదటి పేజీలో రాసుకున్నాను.

చాక్‌పీస్_మేడం

ఎక్స్‌తో గుణించడం నీ అంతట నువ్వు కనుక్కున్నావు కదా, చాలా సంతోషం. ర్యాంక్-నల్లిటీకి కెర్నల్ (సున్నాకి వెళ్లే వెక్టర్లన్నీ) బేసిస్‌తో మొదలుపెట్టు, దాన్ని మొత్తం స్పేస్ బేసిస్ అయ్యేదాకా పెంచు. కొత్తగా చేర్చిన వెక్టర్ల ఇమేజ్‌లు రేంజ్‌కి బేసిస్ అవుతాయని చూపించాలి. స్పాన్ అవడం తేలికే. లీనియర్లీ ఇండిపెండెంట్ అనే దగ్గర కెర్నల్ మళ్లీ పనికొస్తుంది, ఎలాగో నేను చెప్పను. రాసి ఫొటో పెట్టు.