వాతావరణ శాఖలు పాత మోడళ్లను ఆపేసి ఏఐకి మారాలా?

తొలకరి:
ప్రభుత్వ వాతావరణ శాఖలు భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కగట్టే సూపర్ కంప్యూటర్ మోడళ్లను ఆపేసి, గత రికార్డుల నుంచి నేర్చుకున్న ఏఐకి మారాల్సిన సమయం వచ్చిందని నా వాదన. యూరప్ దేశాల ఉమ్మడి అంచనా కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్ ఏఐఎఫ్ఎస్‌ను రోజువారీ సేవలోకి తెచ్చింది. తుఫాను మార్గంతో సహా కొన్ని కొలతల్లో అది పాతదానికన్నా 20 శాతం వరకు మెరుగని, అంచనా తయారీకి పట్టే విద్యుత్తు దాదాపు వెయ్యి రెట్లు తక్కువని ఆ సంస్థే ప్రకటించింది. అయినా పాత మోడల్‌నూ నడుపుతూనే ఉంది. జనం పన్నులతో రెండింటినీ ఎందుకు మోయాలి?

బారోమీటర్:
తొలకరి గారూ, ఆ ఏఐ లెక్క మొదలుపెట్టాలంటే ఈ క్షణాన గాలి, తేమ, పీడనం భూమంతటా ఎలా ఉన్నాయో తెలియాలి. ఆ సంగతి చెబుతున్నది మీరు ఆపేయమంటున్న పాత వ్యవస్థే. ఉపగ్రహాలు, బెలూన్లు, విమానాలు, ఓడలు పంపిన కొలతలను భౌతికశాస్త్ర మోడల్‌తో కలిపితే తొలి స్థితి తయారవుతుంది. ఏఐ ట్రైనింగ్‌కు వాడిన ఈఆర్ఏ5 అనే గత దశాబ్దాల వాతావరణ రికార్డు కూడా అలా తయారైందే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. 2025లో కొందరు పరిశోధకులు ఫోర్‌కాస్ట్‌నెట్ అనే ఏఐ మోడల్ ట్రైనింగ్ డేటాలోంచి 3 నుంచి 5 కేటగిరీల తుఫానులను, అంటే అత్యంత బలమైనవాటిని, తీసేసి చూశారు. అలా నేర్చుకున్న మోడల్ 5వ కేటగిరీ తుఫాను వచ్చినప్పుడు దాని తీవ్రతను పట్టలేకపోయింది. బలహీనమైనవి మాత్రమే చూసింది కాబట్టి బలమైనదాన్ని ఊహించలేదు. ఎన్నడూ లేనంత ఎండ, ఎన్నడూ లేనంత వాన పదేపదే వస్తున్న కాలంలో గతం నుంచి మాత్రమే నేర్చుకున్నదాన్ని ఒంటరిగా నమ్మమంటే ఎలా?

గాలిమర:
ఈ రకమైన అభ్యంతరం పాతదే, దానికి మూల్యం చెల్లించింది సముద్రం మీద ఉన్నవాళ్లు. 1859లో రాయల్ చార్టర్ ఓడ తుఫానులో మునిగి నాలుగు వందల మందికి పైగా చనిపోయాక, బ్రిటన్ వాతావరణ శాఖ అధిపతి ఫిట్జ్‌రాయ్ అప్పటి కొత్త టెక్నాలజీ అయిన టెలిగ్రాఫ్‌తో తీరమంతటి కొలతలు తెప్పించుకుని 1861లో రేవులకు తుఫాను హెచ్చరికలు మొదలుపెట్టాడు. వీటికి శాస్త్రీయ ఆధారం చాలదని పండితులు పెదవి విరిచారు. ఆయన పోయాక వేసిన కమిటీ వద్దంది, 1866 చివర్లో హెచ్చరికలు ఆగిపోయాయి. రేవుల్లో గగ్గోలు లేచింది. నావికులు, జాలర్లు అడిగింది ఆధారం కాదు, హెచ్చరిక. 1867లో మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు.

బారోమీటర్:
ఆ కథను నేనూ గౌరవంగానే చదువుతాను. కానీ ఫిట్జ్‌రాయ్ దేన్నీ ఆపేయలేదు, లేనిదాన్ని తెచ్చాడు. మీరిద్దరూ ఉన్నదాన్ని తీసేయమంటున్నారు.

రాత్రిడ్యూటీ:
అంచనాలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి నా వైపు నుంచి చెబుతాను. ఐదు రోజుల తర్వాత వాయుగుండం ఎటు కదులుతుందన్నప్పుడు నేను ఏఐ మ్యాపే ముందు తెరుస్తాను, దాని మీద నాకు నిజంగా గురి ఉంది. సాయంత్రం ఎక్కడ పిడుగులు పడతాయన్నప్పుడు మాత్రం తెరవను. ఏఐఎఫ్ఎస్ సేవలోకి వచ్చినప్పుడు దాని గ్రిడ్, అంటే మ్యాపులో ఒక్కో గడి వెడల్పు, 28 కిలోమీటర్లు, పక్కనున్న పాత మోడల్‌ది 9. ఒక ఉరుముల మబ్బు 28 కిలోమీటర్ల గడిలో కనపడకుండా పోతుంది. ఆ పూట నాకు దిక్కు రాడారే.

ఇంకో చిక్కు ఉంది. ఈ మోడళ్లలో చాలావాటికి సగటు తప్పు తగ్గించడమే నేర్పారు. వాన పట్టీ ఇక్కడ పడుతుందా, అక్కడా అన్న సందేహం వస్తే రెండు చోట్లా మోస్తరు వాన చూపిస్తే మార్కులు పోవు. కాబట్టి రోజులు దూరమయ్యేకొద్దీ మ్యాపు నునుపుగా మారిపోతుంది, కుండపోత కాస్తా జల్లులవుతుంది. 2023 నవంబరులో యూరప్‌ను కొట్టిన సియరాన్ తుఫాను విషయంలో నాలుగు ఏఐ మోడళ్లు మార్గాన్ని బాగానే పట్టాయి, గరిష్ఠ గాలివేగాన్ని మాత్రం తక్కువ చేసి చూపాయి. స్కూళ్లు మూయాలా, రైళ్లు ఆపాలా అన్న నిర్ణయం ఆ గరిష్ఠ వేగం మీదే ఉంటుంది. సగటు స్కోరు ఎంత బాగున్నా ఆ రాత్రి నా టెన్షన్ తగ్గదు.

గాలిమర:
నునుపు సమస్యకు మందు వచ్చేసింది కదండీ. 2024 డిసెంబరులో వచ్చిన జెన్‌కాస్ట్ అనే ఏఐ మోడల్ ఒకే సగటు మ్యాపు కాకుండా జరగగల పరిస్థితులను చాలా రకాలుగా గీసి ఇస్తుంది. 2025 జులైలో ఈసీఎండబ్ల్యూఎఫ్ కూడా ఏఐతో అలాంటి బహుళ అంచనాలు మొదలుపెట్టింది.

చినుకు:
సూపర్ కంప్యూటర్ ఉన్న దేశాల గురించే మాట్లాడుకుంటున్నాం. అది లేని దేశాలే ఎక్కువ. వాటికి ఏఐ అంటే ఉన్నదాన్ని మార్చడం కాదు, మొదటిసారి సొంతంగా ఒక అంచనా నడుపుకోగలగడం. అందుకే అక్కడ వెంటనే రావాలి. కానీ అంచనా ఉంటే చాలదు. 2008 మేలో నర్గీస్ తుఫాను మయన్మార్‌ను తాకుతుందని ముందే తెలుసు. ఆ మాట డెల్టా ఊళ్లకు సరిగా చేరలేదు, లక్షా ముప్పై వేల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. మోడల్ మీద మిగిలిన డబ్బు ఫోన్ హెచ్చరికలకు, సైరన్లకు, ఊళ్లలో మనుషులకు వెళ్లాలి. అటు వెళ్తుందని ఎవరైనా హామీ ఇస్తున్నారా?

తొలకరి:
ఎవరూ ఇవ్వడం లేదు, అది నిజమే. తొలి స్థితికి పాత వ్యవస్థ కావాలన్నదీ ఒప్పుకుంటున్నాను. అయినా గడువు లేకుండా రెండూ నడపడానికి ఒప్పుకోను. గడువు పెట్టకపోతే ఏ శాఖా దేన్నీ ఎప్పటికీ వదలదు.

రాత్రిడ్యూటీ:
గడువు తేదీ మీద కాదు, ప్రమాదం మీద పెట్టండి. తుఫాను మార్గానికి, వారం పైబడిన అంచనాలకు ఏఐని ముందు నిలపడానికి నాకు ఇవాళ కూడా అభ్యంతరం లేదు. గాలి తీవ్రత, గంటల్లో కురిసే భారీ వాన, రికార్డు ఎండలు, వీటికి ఒక్కోదానికి విడిగా పరీక్ష పెట్టాలి. ప్రతి సీజన్ తర్వాత రెండు మోడళ్ల స్కోర్లను, తప్పిన హెచ్చరికలతో సహా, శాఖ పక్కపక్కనే ప్రచురించాలి. ఏఐ వచ్చిందన్న పేరుతో బెలూన్లు, రాడార్ల ఖర్చు కోస్తామంటే మాత్రం నేను ఏ గడువుకూ ఒప్పుకోను.

గాలిమర:
స్కోర్లు బయటపెట్టాలన్నదానికి నా పూర్తి మద్దతు. సీజన్‌కోసారి కాదు, ప్రతి పెద్ద తుఫాను తర్వాతా పెట్టాలి.