వెనెజులా 2018 ద్రవ్యోల్బణం: ఏ లెక్క వాడాలి?

ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం వెనెజులాలో కనీస వేతనం అసలు విలువ ఏటేటా ఎలా మారిందో గ్రాఫ్ గీస్తున్నాను. 2018 దగ్గర ఆగిపోయాను.

2017 డిసెంబరులో కనీస వేతనం నెలకు 1,77,507 బొలివర్లు. 2018 డిసెంబరులో 4,500 కొత్త బొలివర్లు. మధ్యలో, 2018 ఆగస్టు 20న, అప్పటి అధ్యక్షుడు మదురో ప్రభుత్వం కరెన్సీలో ఐదు సున్నాలు తీసేసింది కాబట్టి పాత లెక్కలో అది 45 కోట్లు. అంటే జీతం సుమారు 2,535 రెట్లు పెరిగింది. ఆహార భత్యం ఇందులో కలపలేదు.

చిక్కంతా ధరలతోనే. కేంద్ర బ్యాంకు ఏళ్ల తరబడి అంకెలు బయటపెట్టకుండా ఉండి, చివరికి 2019 మేలో, 2018 ద్రవ్యోల్బణం 1,30,060 శాతమని చెప్పింది. ప్రతిపక్షం చేతిలో ఉన్న జాతీయ అసెంబ్లీ చెప్పిన అంకె 16,98,488 శాతం. మొదటిది వాడితే నిజ వేతనం (ధరల పెరుగుదల తీసేశాక జీతానికి మిగిలే కొనుగోలు శక్తి) ఏడాదిలో దాదాపు రెట్టింపైంది. రెండోది వాడితే 2017 డిసెంబరు నాటి దాంట్లో 15 శాతానికి పడిపోయింది!

సున్నాలు మళ్లీ సరిచూశాను, తేడా పోలేదు. బ్లాక్ మార్కెట్ డాలర్ రేటుతో లెక్కవేస్తే, డాలర్లలోనూ ధరలు మారుతుండడంతో ఏదీ తేలలేదు. 2018 జూలైలో ఐ.ఎం.ఎఫ్. (అంతర్జాతీయ ద్రవ్య నిధి) చెప్పిన పది లక్షల శాతం ముందస్తు అంచనా మాత్రమే, అందుకే పక్కన పెట్టాను. జనం కాలినడకన కొలంబియా సరిహద్దు దాటిన ఏడాది అది. ఆ ఏడాది నిజ వేతనాలు రెట్టింపయ్యాయని చూపించడానికి నాకు మనసు ఒప్పడం లేదు, కానీ మనసు ఒప్పలేదని అంకె మార్చలేను కదా.

ఇలాంటి డేటాతో పనిచేసినవాళ్లు చెప్పండి: 2018కి ఈ రెండింటిలో ఏ ధరల సూచీ వాడాలి, ఎందుకు?