అప్‌డేట్: సి లో స్ట్రింగ్ బఫర్ గోల, కారణం దొరికింది

సి భాషలో పెరిగే స్ట్రింగ్ బఫర్ (అక్షరాలు దాచుకునే, అవసరాన్ని బట్టి పెరిగే మెమరీ చోటు) రాసుకున్నాను, చిన్న ఇన్‌పుట్‌కి బాగానే ఉండి పెద్ద ఫైల్ ఇస్తే చెత్త అక్షరాలు వస్తున్నాయి అని అడిగాను కదా, దొరికింది. తప్పు రీఅలాక్ (మెమరీ బ్లాక్ సైజు మార్చే సి ఫంక్షన్)ది కాదు, నాదే. బఫర్ మధ్యలో ఒక పదం ఎక్కడ మొదలైందో గుర్తుండాలని దాని పాయింటర్ (మెమరీలో దాని అడ్రస్) దాచుకున్నాను, తర్వాత చోటు చాలక రీఅలాక్ మొత్తం బ్లాక్‌ని వేరే అడ్రస్‌కి మార్చేస్తే నా పాయింటర్ మాత్రం పాత చోటే చూస్తూ కూర్చుంది. ఒక్కోసారి బ్లాక్ కదలకుండా ఉన్నచోటే పెరుగుతుంది, అప్పుడు తప్పు బయటపడదు, అందుకే రెండు రోజులు తిప్పలు పెట్టింది.

జవాబుల్లో మీరు చెప్పినట్టు అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పుల్ని పట్టే కంపైలర్ సదుపాయం) పెట్టి కంపైల్ చేస్తే మొదటి రన్‌లోనే లైన్ నంబర్‌తో సహా పట్టేసింది. (ముందే పెట్టాల్సింది, బద్ధకం.) ఇప్పుడు పాయింటర్ బదులు ఆఫ్‌సెట్ (బఫర్ మొదలు నుంచి ఎంత దూరమో) దాచుకుంటున్నా.

పనిలో పనిగా ఇంకోటి: రీఅలాక్ ఇచ్చినదాన్ని నేరుగా పాత పాయింటర్‌లోనే వేసేవాణ్ణి, మెమరీ దొరక్క నల్ (ఖాళీ పాయింటర్) వస్తే పాత బఫర్ అడ్రస్ కూడా పోతుంది, అందుకే ముందు వేరే వేరియబుల్‌లోకి తీసుకుని చూస్తున్నా. ప్రతిసారీ 16 బైట్లు పెంచడం మానేసి కెపాసిటీ రెట్టింపు చేస్తున్నా. స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నా బైట్ కోసం సైజుకి 1 కలపడం ఈసారి మర్చిపోలేదు.