మన చిన్ననాటి దెయ్యాల హాస్యం నిజంగా అంత గొప్పదా?

రాయపురం_అమ్మాయి:
సభ్యులందరికీ నమస్కారం. 2004లో సన్ టీవీలో మొదలైన ‘మై డియర్ భూతం’ అనే తమిళ పిల్లల ధారావాహిక, చెన్నైలో పెరిగిన నా ఈడు తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. మూసా అనే పిల్లభూతం మనుషుల పిల్లలతో జతకట్టి చేసే అల్లరే అందులోని హాస్యం. తరువాత తెలుగులో కథానాయికగా పేరు తెచ్చుకున్న నివేదా థామస్ అందులో బాలనటి. పోయిన ఆదివారం మా అక్క కొడుకుకు రెండు మూడు భాగాలు చూపించాను. వాడు ఐదు నిమిషాలకే లేచి వెళ్ళిపోయాడు; నేను మాత్రం అన్నం వండడం కూడా మరచి కూర్చుండిపోయాను. మా వారు చూసి, “బాగున్నది ఆ కార్యక్రమం కాదు, అప్పటి నీ ఏడేళ్ల వయసు” అన్నారు. ఆ మాట నాకు ఇంతవరకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

వ్యాకరణాభిమాని:
చర్చకు ముందు ఒక సవరణ అవసరం. శీర్షికలో దెయ్యాల హాస్యం అన్నారు. మూసా దెయ్యం కాదు, భూతం. చనిపోయినవాడు తిరిగివస్తే దెయ్యం; పుట్టుకతోనే వేరే జాతికి చెందినది భూతం. అల్లావుద్దీన్ కథలో ‘దీపంలోని భూతం’ అంటాము కాని ‘దీపంలోని దెయ్యం’ అనము కదా. నిజమైన దెయ్యాల హాస్యం కావాలంటే 1995లో జీ టీవీలో వచ్చిన హిందీ ‘హమ్ పాంచ్’ ఉన్నది. చనిపోయిన మొదటి భార్య గోడమీది ఫోటోలోనుంచి భర్తతో మాట్లాడుతుంది. అది దెయ్యం.

అంబత్తూరు_రవ్వదోశె:
మా ఇంట్లో దెయ్యమన్నా భూతమన్నా కరెంటు పోయినప్పుడు భయం ఒక్కటే.

పెరంబూరు_పెద్దాయన:
నేను రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అమ్మాయిగారి భర్తగారు చెప్పినది అక్షరసత్యం. ఆ కార్యక్రమంలోని గ్రాఫిక్కులు అప్పటికే నాసిరకం. చేయి ఊపగానే మెరుపులు, పొగ, వెంటనే టప్‌మనే చప్పుడు. అంతకుమించి నాకు ఏమీ కనిపించలేదు. భూతప్రేతాలతో పిల్లలను అలరించడం ఎలాగో మనవాళ్ళకు టీవీ రాకముందే తెలుసు. 1947 జూలైలో ఈ మద్రాసులోనే నాగిరెడ్డిగారూ చక్రపాణిగారూ చందమామను తెలుగులోను, తమిళంలోను మొదలుపెట్టారు. అందులోని బేతాళుడు భయపెడతాడు, కథ చెబుతాడు, చివరకు చిక్కుప్రశ్న వేసి పిల్లవాడి బుర్రకు పని పెడతాడు. శంకర్‌గారు గీసిన ఆ విక్రమార్కుడి బొమ్మను, భుజంమీద వేలాడే ఆ శవాన్ని చూసినవాడికి ఈ మూసా ఏపాటి? మీ మూసా ఏనాడైనా ఒక్క ప్రశ్న వేశాడా?

రాయపురం_అమ్మాయి:
పెద్దాయనగారూ, నవ్వించడానికి వచ్చినవాడిని ప్రశ్న వేయలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. బేతాళుడు పెద్దవాడు, తెలివైనవాడు, పైగా సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించేవాడు. మూసా మాలాంటి పిల్లవాడు. అంత శక్తి ఉండి కూడా తిట్లు తినేవాడు. ఏడేళ్ల పిల్లకు తనకంటే బలమైనవాడు కూడా తనలాగే తిట్లు తింటున్నాడని చూడడం ఎంత ఊరటో మీకు తెలియకపోవచ్చు. గ్రాఫిక్కులు నాసిరకమని నాకు అప్పుడే తెలుసు. వీధి నాటకంలో రాజుగారి కిరీటం అట్టముక్క అని తెలిసినా మనం లేచి వెళ్ళిపోము కదా.

వ్యాకరణాభిమాని:
బేతాళుడు కూడా దెయ్యం కాదు. శవాన్ని ఆవహించిన వేరే జీవి. కాబట్టి ఇద్దరూ ఇంతవరకు దెయ్యాల గురించి మాట్లాడనేలేదు.

కోడంబాక్కం_కోడలు:
వ్యాకరణంగారూ, చిన్నప్పుడు మేము చదువుకున్న ప్రకృతి వికృతుల పట్టికలో ‘దైవము’కు వికృతి ‘దయ్యము’. అంటే దేవుడూ దెయ్యమూ ఒకే ఇంటివారే. మీ గీతలు అంత గట్టివి కావు.

పెరంబూరు_పెద్దాయన:
సందర్భం వచ్చింది కనుక నా బాధ కూడా చెబుతాను. నా దగ్గర చందమామలు ఏడాదికి ఒక బైండు చొప్పున ముప్పైకి పైగా ఉండేవి. ఇల్లు మారేటప్పుడు వాటిని పాతకాగితాల వాడికి తూకానికి వేశాను. కారణం చెదలు కాదు. ఇంట్లో వాటిని చదవగలిగినవాడు నేను తప్ప మరొకడు లేకపోయాడు. నా కొడుకు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మనవరాలికి ఆ మాటలు కూడా సగమే. పిల్లలు బడినుంచి రాగానే ఆ పెట్టె ముందు కూర్చుని మీ మూసాను, మూసాలాంటివారిని చూస్తూ ఏ భాషలో నవ్వారో ఆ భాషకే చెందిపోయారు. ఏడుపు ఏ భాషలోనైనా ఏడవవచ్చునమ్మా. నవ్వు ఏ భాషలో వస్తే అదే మనిషి భాష. ఇంత చూసిన తరువాత ఆ ధారావాహికను తలచుకుని మురిసిపోమంటే నావల్ల కాదు.

అంబత్తూరు_రవ్వదోశె:
ఇప్పటికి అసలు సంగతి బయటపడింది.

రాయపురం_అమ్మాయి:
మీరు నన్నే ఉద్దేశించి అన్నట్లు ఉంది కనుక నేనూ నా ఇంటి సంగతే చెబుతాను. 2003 సెప్టెంబరులో ఈ నగరంలో సెట్‌టాప్ బాక్సు పద్ధతి వచ్చింది. డబ్బు కట్టే ఛానళ్ళకు ఆ పెట్టె కొనాలన్నారు, మా నాన్నగారు కొనలేదు. ఆ తరువాత మా ఇంట్లో తెలుగు ఛానలు కనిపించలేదు. తమిళం ముక్క రాని అమ్మమ్మ అప్పటికే ఒంగోలు దగ్గరి పల్లెనుంచి మా ఇంటికి వచ్చి ఉంది. పగలంతా గోడకు ఆనుకుని కూర్చునేది. మూసా వచ్చే వేళకు నన్ను ఒళ్ళోకి లాక్కుని “ఏమంటున్నాడే వాడు?” అని అడిగేది. నేను ప్రతి మాటా తెలుగులోకి మార్చి చెప్పాలి. మాట దొరకకపోతే ఆమె అందించేది. ‘గింజుకోవడం’, ‘బిక్కమొహం’, ‘తైతక్కలు’ నాకు అలా వచ్చినవే. నవ్వు రెండుసార్లు వచ్చేది: ముందు నాకు తమిళంలో, ఆ తరువాత ఆమెకు తెలుగులో, ఆమె నవ్వు చూసి మళ్ళీ నాకు. మీరు తెలుగును చంపిందంటున్న ఆ కార్యక్రమమే నాకు తెలుగు మిగిల్చింది.

పెరంబూరు_పెద్దాయన:
మీకు చదవడం వచ్చునా?

రాయపురం_అమ్మాయి:
ఇరవై ఆరేళ్ల వయసులో ‘అ’ దగ్గర మొదలుపెట్టి నేర్చుకున్నాను. పుస్తకాలు చూసి నేర్చినది కాబట్టే నా రాత ఇలా బిగుసుకుని ఉంటుంది. మరి మీరు చెప్పండి. మీ అబ్బాయికి బడిలో రెండో భాషగా ఏమి ఇప్పించారు?

కోడంబాక్కం_కోడలు:
అక్కగారూ, ఆ ప్రశ్న అందరికీ వర్తించదు. 2006లో తమిళ భాషాభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి తమిళాన్ని తప్పనిసరి చేశారు. మా తమ్ముడు సరిగ్గా ఆ మొదటి జట్టువాడు. ఆ జట్టు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి అల్పసంఖ్యాక భాషలవారు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. టీవీని తిట్టడం తేలిక కనుక తిడుతున్నాము.

రాయపురం_అమ్మాయి:
ఒప్పుకుంటున్నాను. కాని పెద్దాయనగారి అబ్బాయి చదువు ఆ చట్టానికి చాలా ముందుదై ఉంటుంది. నేను అడిగింది ఆయనను.

పెరంబూరు_పెద్దాయన:
సంస్కృతం. మార్కులు బాగా పడతాయని అందరూ అదే తీసుకున్నారు, మేమూ తీసుకున్నాము. ఇంజనీరింగు సీటుకు ఒక్కొక్క మార్కూ ఎంతో ముఖ్యం అప్పుడు; అది మీరు పుట్టకముందు మాట. బడిలో తెలుగు తరగతి ఉండేది, కాదనను. ఇంట్లో నేర్పుదామనుకున్నాను. పగటి షిఫ్టు అయితే అలసట, రాత్రి షిఫ్టు అయితే నిద్ర. నేను లేచేసరికి వాడు టీవీ ముందు ఉండేవాడు. మీరు దీనిని పట్టుకుని నన్ను దోషిని చేయదలచుకుంటే చేయండి. అయినా ఆ గ్రాఫిక్కులు నాసిరకమే.

రాయపురం_అమ్మాయి:
దోషి అనలేదు. మూసా మీద వేసిన నేరం తీసేయమన్నాను. గ్రాఫిక్కుల విషయంలో మీతో నాకు పేచీ లేదు. మొన్న వరుసగా చూసినప్పుడు కొన్ని చోట్ల కథ జీడిపాకంలా సాగుతున్నదని నాకూ అనిపించింది. అయితే మా వారి మాటకు నా జవాబు ఇప్పుడు దొరికింది. నాతో చూసిన పిల్లవాడు లేచి వెళ్ళిపోయింది కార్యక్రమం బాగా లేక కాదు, “ఏమంటున్నాడే వాడు?” అని వాడిని అడిగేవారు పక్కన లేక.

వ్యాకరణాభిమాని:
అన్నీ బాగానే ఉన్నాయి. మీ అమ్మమ్మగారు తెలుగు పల్లెనుంచి వచ్చినవారు కనుక ఆమె మాటే ప్రమాణంగా తీసుకుందాము. ఆమె మూసాను దెయ్యమనేవారా, భూతమనేవారా?

రాయపురం_అమ్మాయి:
“మన గుండుగాడు వచ్చే వేళయింది, పెట్టె పెట్టు” అనేది.

వ్యాకరణాభిమాని:
అది నా ప్రశ్నకు సమాధానం కాదు.