అప్‌డేట్: 34 ఏళ్లకి మెడిసిన్ సీటు వచ్చింది

ఫార్మసిస్టు ఉద్యోగం మానేసి ఆస్ట్రేలియాలో నాలుగేళ్ల గ్రాడ్యుయేట్ మెడిసిన్ (డిగ్రీ అయ్యాక చేసే డాక్టర్ కోర్సు) చదవనా, రూరల్ సీటు తీసుకుంటే ఇరుక్కుపోతానా అని పోయినేడాది అడిగాను. అప్పుడు ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చెప్పాలి కదా: డీకిన్ యూనివర్సిటీ రూరల్ ట్రైనింగ్ స్ట్రీమ్‌లో సీటు వచ్చింది. మొదటి రెండేళ్లూ అరరాట్ అనే చిన్న ఊళ్లోనే చదువు.

ఈ సీటుకి రాయాల్సిన ఎంట్రన్స్ పరీక్ష, జీఏఎమ్‌సాట్, రెండుసార్లు రాశాను. సైన్స్ సెక్షన్ కంటే వ్యాసాలే నన్ను ఏడిపించాయి. రోజూ తెల్లవారుజామున, పిల్లాడు లేవకముందే, టైమర్ పెట్టుకుని ఒకటి రాసేదాన్ని. మేము వరుసగా ఆరేళ్లుగా హార్షమ్ అనే రూరల్ ఊళ్లో ఉండటం బాగా కలిసొచ్చింది. ఐదేళ్లు వరుసగా ఉంటే రూరల్ నేపథ్యం కింద లెక్కేస్తారని మీలో ఒక అక్క చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.

నాది బాండెడ్ సీటు. రూల్స్ చదివాక టెన్షన్ తగ్గింది. చదువయ్యాక 18 ఏళ్లలోపు మొత్తం మూడేళ్లు డాక్టర్ల కొరత ఉన్న చోట పనిచేయాలి, అంతే. అది నాకు శిక్షలా అనిపించట్లేదు. మా మందుల షాపుకొచ్చే ఒక పెద్దాయన, రైతు, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరక్క, కాలి పుండుకి తనే కట్టుకున్న గుడ్డ విప్పి కౌంటర్ దగ్గర నాకు చూపించాడు. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

గుంటూరులో అమ్మ మాత్రం "ఈ వయసులో మళ్లీ పరీక్షలా తల్లీ" అంటూనే, వచ్చి పిల్లాణ్ణి చూసుకుంటానని వీసా కాగితాలు అడిగింది. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం.